గద్దించినోడే ఆఫీసరు

"నీ ఫోను నా దగ్గర పెట్టకే బిడ్డా. అది మోగితే నా పానం జారిపోతది. ఏ దవాఖానా నుంచో, ఏ పోలీసోళ్లో అనుకుంట."

"పోలీసోళ్లకు నీతోని ఏం పనే అమ్మా? నిన్ను లోపలేస్తే వాళ్లకే పరేషాన్. పొద్దందాక నీ ఫికర్లు ఇనాలె," అని నవ్వి దీప చెప్పులు వేసుకుంది.

దీపది పోచారం సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లో కాంట్రాక్టు ఉద్యోగం. కంప్యూటర్లో వివరాలు ఎక్కించే పని. గేటు దాటి ఫోన్లు పోనివ్వరు. బయట బుట్టలో వదిలితే పోయిన వారం ఇద్దరివి పోయాయి. అందుకే ఇంట్లో పెట్టి వెళ్తోంది. ఏటీఎం కార్డు కూడా ఇంట్లోనే, బియ్యం డబ్బా వెనక ఉంటుంది. అత్యవసరమైతే తీసుకొమ్మని, తల్లి మరిచిపోతుందని, కవరు మీద పిన్ నాలుగంకెలూ రాసిపెట్టింది. ఆ ఖాతాకు ఫోను మెసేజ్‌లు ఇంకా పెట్టించుకోలేదు.

పన్ను కట్టేంత జీతం కాకపోయినా కాంట్రాక్టరు నెలనెలా పన్ను పేరున కొంత కోసేవాడు. దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి కాగితాలు పెట్టిన సంగతి దీప ఇంట్లో చెప్పలేదు. పన్ను అన్న మాట వింటే తల్లి నిద్రపోదు.

ఆ రోజు నాచారం ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే. కరెంటు లేని రోజు కూలీ లేదు. బిస్కెట్ల ప్యాకింగులో రోజుకు నూట యాభై తెచ్చే తల్లి కౌసల్యమ్మ గడప మీద దిగులుగా కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"నమస్కారమమ్మా. దీప గారి ఇల్లేనా? ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి పాండురంగను. ఆమెకు రావలసిన రిఫండు చెక్కు అడ్రసు దొరక్క వెనక్కి వచ్చింది. ఫోనులో నాకు ఏ నంబరూ చెప్పొద్దు. ఆమెనే ఒకసారి ఆఫీసుకు రమ్మని చెప్తారా?"

కౌసల్యమ్మకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. రేషను దుకాణంలో, మునిసిపాలిటీలో, కరెంటాఫీసులో ఇంత వయసొచ్చినా ఏ కుర్చీ నుంచీ ఆమె 'గారు' అన్న మాట వినలేదు. సర్కారు తీసుకునేదే గాని పిలిచి ఇచ్చేది కాదు.

"పైసలిస్తమని పిలిచేటోన్ని నిన్నే సూస్తున్న. ఎవన్ని ముంచనీకి బయలెల్లినవ్‌రా? పెట్టు ఫోను!"

తెలివిగా తప్పించుకున్నానని కాసేపు సంతోషపడింది కూడా.

మధ్యాహ్నం మళ్లీ మోగింది.

"ఏయ్, ఎవరే నువ్వు? దీప తల్లివా? ఇన్‌కం టాక్స్ నుంచి. నీ బిడ్డ టాక్స్ ఎగ్గొట్టింది. కంపెనీకి ఒక్క కాగితం రాస్తే నౌకరీ ఊడ్తది, పోలీసులు ఇంటికొస్తరు. కార్డు తియ్యి, నంబర్లన్ని సదువు, పిన్ గూడ. తియ్యవే, నీతోని ముచ్చట పెట్టనీకి కూసోలే నేను!"

కౌసల్యమ్మ లేచి నిలబడింది. ఎవరూ చూడకపోయినా కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. భర్త పోయాక పింఛను కాగితాలు ముఖాన కొట్టిన గొంతు. గంటలకొద్దీ నిలబెట్టి రేపు రమ్మన్న గొంతు. అది సర్కారు గొంతు కాకపోతే మరెవరిది?

"జర ఆగుండ్రి సారూ, కోపం జెయ్యకుండ్రి." కార్డు తెచ్చి ముందున్న అంకెలు, వెనకున్న మూడు, కవరు మీది నాలుగు, తప్పు పోకుండా చదివింది. ఏడో తరగతి దాకా నేర్చిన చదువు ఇన్నాళ్లకు బిడ్డను కాపాడుతోందనుకుంది. చివర "దండాలు సారూ" అంది.

మర్నాడు దీప సెలవు పెట్టి, బి.ఎడ్. ఫీజు డబ్బు తీయడానికి ఉప్పల్ బ్యాంకుకు వెళ్లింది. వెళ్లినంత తొందరగా తిరిగి వచ్చింది. ఖాతాలో నూరు రూపాయల చిల్లర తప్ప ఏమీ లేదు. ముప్పై రెండు వేలు పోయాయి. ఎల్లుండి కట్టకపోతే సీటు ఇంకొకరిది.

"కార్డు ఎవరు ముట్టిన్రే అమ్మా?"

నిన్నటి గొంతు ఎవరిదో కౌసల్యమ్మకు ఒక్కసారిగా అర్థమైంది. నోటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"నాకేమెరుక బిడ్డా. నేను పండుకున్న."

ఆ మాట చాలింది. దీప చూపు అన్న మహిపాల్ మీదికి తిరిగింది. గోదాములో మూటలు మోసే మహిపాల్ రెండేళ్ల కిందట పని పోయినప్పుడు, అదే కార్డుతో చెల్లెలి జీతం తీసి తాగాడు. మళ్లీ ఆ కార్డు జోలికి పోలేదు. మందు జోలికీ పోలేదు.

"నేను తీయలే చెల్లె."

"అప్పుడు గూడ గిదే మాట అన్నవ్."

"అప్పుడు తీసిన. ఇప్పుడు తీయలే. గంతే."

"నువ్వన్న ఉండు ఈ ఇంట్ల, నేనన్న ఉంట."

మహిపాల్ గొడవపడలేదు. దండెం మీది రెండు చొక్కాలు సంచిలో కుక్కుకున్నాడు. "నువ్వన్న చెప్పే అమ్మా," అన్నాడు. కౌసల్యమ్మ ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది. చెబితే బిడ్డ తన ముఖం చూడదు. చెప్పకపోతే కొడుకు దొంగగా గడప దాటుతాడు. అన్నీ ముందే భయపడే ఆమె ఈ ఒక్కటి మాత్రం ఊహించలేదు.

అప్పుడు ఫోను మోగింది. బ్యాంకువాళ్లేమోనని దీప స్పీకర్ నొక్కింది.

"దీప గారేనా? ఆదాయపు పన్ను ఆఫీసు, పాండురంగను. నిన్న చేస్తే మీ అమ్మగారు బాగానే తిట్టారు. మంచిదేనమ్మా, అలాగే ఉండాలి. మా పేరు చెప్పి కార్డు నంబర్లు అడిగే మోసగాళ్లు తిరుగుతున్నారు. మేం అవి ఎప్పుడూ అడగం. నన్నూ నమ్మనక్కర్లేదు, ఆఫీసుకే వచ్చి కనుక్కోండి. మీకు అలాంటి ఫోను ఏమైనా వచ్చిందా?"

"లే సార్..." అంటూనే దీప ఆగిపోయింది. తల్లి వైపు చూసింది. మహిపాల్ సంచి పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"హలో? అమ్మా, ఉన్నారా?"

చాటలో కౌసల్యమ్మ వేళ్లు ఆగిపోయాయి. సందులో నీళ్ల ట్యాంకరు వచ్చింది, బిందెల కోసం కొట్లాట మొదలైంది, సద్దుమణిగింది. పాండురంగ ఫోను పెట్టలేదు.

"వచ్చింది సారూ," అంది కౌసల్యమ్మ. "నంబర్లన్ని సదివి చెప్పింది నేనే. నా కొడుకు ముట్టలే. మిమ్మల్నేమో తిట్టిన, వానికి దండం బెట్టిన."