పగలని గాజు పలక

మా పడగ్గది గోడకు బీట పడిందని మొదట చూసింది నేనే. కిటికీ పై మూల దగ్గర మొదలై, వెంట్రుక మందాన, ఏటవాలుగా పైకప్పు వైపు జానెడు పాకింది. సరిగ్గా దాని కిందే మా పాప ఉయ్యాల. పాపకి అప్పుడు పదకొండు నెలలు.

మా ఇంటి పక్కన పాత సినిమా హాలు పడగొట్టి ముప్ఫై అంతస్తుల భవనం కడుతున్నారు. కట్టడం ఇంకా మొదలు కాలేదు, ప్రస్తుతానికి గొయ్యి తవ్వుతున్నారు. నేల కింద మూడు అంతస్తులు కార్లు పెట్టుకోవడానికట. "మనుషులు నలుగురికి గదిన్నర, కార్లకి మూడంతస్తులు," అని మా అత్తయ్య ఆ గొయ్యి చూసినప్పుడల్లా అంటుంది. పొద్దున ఏడింటికి యంత్రం నేలని గుద్దడం మొదలుపెడితే మా వంటగట్టు మీద గిన్నెలు గలగలమంటూ అంచుకి జరుగుతాయి. సాయంత్రం వాటిని మళ్ళీ వెనక్కి జరపడం నాకో పని.

మాది మూడంతస్తుల పాత ఇంట్లో మధ్య వాటా. ఓనరు వేరే పేటలో ఉంటాడు. గోడకి మేకు కొట్టినా ఊరుకోడు. మేం క్యాలెండరు కూడా తలుపు గడియకే తగిలిస్తాం.

నాకు భయం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. పాప తుమ్మితే నుదురు పట్టుకు చూస్తాను, నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మా అత్తయ్య నాకు భయాల మూట అని పేరు పెట్టింది. అందుకే బీట సంగతి చెబితే ఎవరూ మంచం దిగలేదు. పై వాటాలో, కింది వాటాలో కూడా బీటలు కనబడ్డాక అందరం కలిసి వెళ్ళి అడిగితే, కంపెనీవాళ్ళు ఒక ఇంజనీరుని పంపారు.

ఇంజనీరు కుర్రాడే, తెల్ల హెల్మెట్టు. ఓపిగ్గా చెప్పాడు. మూడు వాటాల్లోకీ పెద్దదైన మా బీటకి అడ్డంగా ఒక సన్నటి గాజు పలక పెట్టి రెండు చివర్లా సిమెంటుతో అతికిస్తారు. గోడ కదులుతుంటే పలక పగులుతుంది. గాజు సాగదు కదా. పగిలితే తవ్వకం ఆపి, గోడలకి దన్ను పెట్టి, అంతవరకూ మమ్మల్ని వాళ్ళ ఖర్చుతో వేరేచోట ఉంచుతారు. పగలకపోతే గోడ కదలనట్టే. ఇదంతా కాగితం మీద రాసి మూడు వాటాలవాళ్ళ చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. నాకు ఈ ఏర్పాటు నచ్చింది. ఇక భయపడాలా వద్దా అన్నది నేను తేల్చుకోనక్కర్లేదు, పలకే చెబుతుంది.

పలక పెట్టడానికి మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి ఒక్కడే వచ్చాడు. పెద్దవయసు, మెడలో తువ్వాలు. సంచీలోంచి ఉలి, సుత్తి తీశాడు.

"చెల్లెమ్మా, ఇక్కడా ఇక్కడా రంగూ పూతా చెక్కాలి. పది నిమిషాలు చప్పుడవుతుంది, ఏమనుకోకు."

"ఇప్పుడే కునుకు పట్టింది అన్నయ్యా," అన్నాను ఉయ్యాల చూపించి. "రెండు గంటలు ఊపాను. నా భుజాలు పడిపోయాయి. పైగా గోడకి గుంట పడితే మా ఓనరు మా ప్రాణం తీస్తాడు. పైపైన అతికించెయ్యలేవా?"

మేస్త్రి గోడని చూశాడు, ఉయ్యాలని చూశాడు. "మా చిన్నదీ ఇంతే, ఎత్తుకుంటే నిద్ర, దించితే ఏడుపు," అని సుత్తి సంచీలో పెట్టేశాడు. రెండు సిమెంటు ముద్దలు, వాటి మధ్య వేలెడు వెడల్పు గాజు. ముద్ద మీద మేకుతో ఆ రోజు తేదీ గీశాడు. చప్పుడన్నదే లేదు. పాప రెండు గంటలు నిద్రపోయింది. ఎంత మంచి మనిషి అనుకున్నాను.

ఇంజనీరు సోమవారం సోమవారం వచ్చి టార్చి వేసి చూసేవాడు. మొదటి సోమవారం పుస్తకంలో "మార్పు లేదు" అని రాసుకున్నాడు.

నేను మాత్రం పలక పెట్టిన మర్నాటి నుంచే ఊరికే ఉండలేకపోయాను. మా ఆయన టైల్స్ పరిచే పని చేస్తాడు. కొలతలు గీసుకునే పెన్సిలు ఒకటి ఎప్పుడూ చెవి మీద ఉంటుంది. అది అడిగి తీసుకుని, రోజూ పొద్దున స్టూలెక్కి, బీట ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చిన్న గీత గీసి పక్కన తేదీ వేసేదాన్ని.

"గోడకి మేకు కొడితే ఓనరు తిడతాడు గానీ, లెక్కలు వేస్తే తిట్టడా?" అని మా ఆయన నవ్వాడు.

"రబ్బరుతో చెరిపేస్తాలెండి."

"తొమ్మిదో తరగతిలో ఆపేయకుండా ఉంటే ఆ తెల్ల హెల్మెట్టు నువ్వే పెట్టుకునేదానివి."

చదువు నేను ఆపలేదు, ఆపించారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కాసేపటికి ఆయనే పెన్సిలు చెక్కి ఇచ్చాడు.

గీతలు పైకి పోతూనే ఉన్నాయి. పది రోజుల్లో నాలుగు వేళ్ళ మేర పోయాయి. ఇంకోటి కూడా చూశాను. మొదట్లో బీటలో కాగితం కూడా దూరేది కాదు. ఇప్పుడు పాప టీకాల కార్డు అంచు గోరంత లోపలికి పోతోంది. అట్ట లాంటి కార్డది. చేతికందేది అదే కాబట్టి దాంతో చూశాను. పలక మాత్రం చెక్కు చెదరలేదు.

ఉయ్యాల ముందు గదిలోకి మార్చాను. అక్కడ మా అత్తయ్య పడక, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, ఇప్పుడు ఉయ్యాల. "ఇక నన్ను ఏ గూట్లో పెడతావో చెప్పు," అంది అత్తయ్య. నిజానికి ఆ మార్పు వల్ల లాభం లేదని నాకూ తెలుసు. రెండు గదుల మీదా ఉన్నది ఒకే స్లాబు. అది ఆ గోడ మీదే ఆనింది.

రెండో సోమవారం ఇంజనీరుకి గీతలు చూపించాను.

"రంగు పెచ్చు విడుస్తుందండీ," అన్నాడు. "పాత ఇళ్ళలో మామూలే. అసలు గోడ కదిలితే పలక ఆగదు."

"కార్డు దూరుతోంది సార్. మొన్న దూరలేదు."

"పలక చూడండి మేడమ్, ఎంత నిక్షేపంగా ఉందో." రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను, ఎక్కడికైనా వెళ్ళిపోదామండీ అని.

"ఎక్కడికి? పలక పగలనిదే వాళ్ళు చోటివ్వరు. పిల్లనీ అమ్మనీ తీసుకుని ఏ చెట్టు కిందకి పోదాం?" అని, నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "గాజు అబద్ధం చెప్పదే."

గోడ ఒకటి చెబుతోంది, గాజు ఒకటి చెబుతోంది. నా కళ్ళనే నమ్మాలో వద్దో తెలియలేదు. పాపని నేల మీదికి దించడం మానేశాను. చంకన వేసుకునే వంట, చంకన వేసుకునే బట్టలు ఆరెయ్యడం.

బుధవారం మా ఆయనకి పని లేదు. పుచ్చకాయ తెచ్చాడు. కొనేముందు బండి దగ్గర పది కాయలని కొట్టి చూశాడట, బండివాడు విసుక్కున్నాడట. ఇది ఆయనకి వృత్తిలో వచ్చిన అలవాటు. టైలు పరిచాక తాపీ పిడితో మెల్లగా కొట్టి వింటాడు. కింద సిమెంటు సరిగ్గా పట్టుకుంటే ఒక చప్పుడు, డొల్లగా ఉంటే ఇంకో చప్పుడు. డొల్ల పలికితే పీకి మళ్ళీ వేస్తాడు. ఇంట్లో మంచంకోళ్ళు, డబ్బాలు, తలుపులు, దేన్నీ వదలడు.

"పెళ్ళికి ముందు నీకీ విద్య తెలిసుంటే వీడి తలకాయ ఒకసారి కొట్టి చూసుకునేదానివి," అంది అత్తయ్య నాతో.

"నీ పెంపకమేగా అమ్మా," అన్నాడాయన కాయ కోస్తూ.

నేను నవ్వాను. నవ్వుతూనే ఎందుకో పడగ్గదిలోకి వెళ్ళాను. స్టూలెక్కి వేలి కణుపుతో గోడని కొట్టాను. కిటికీ పక్కన గట్టిగా పలికింది. కొంచెం పైన కొట్టాను, గట్టిగానే ఉంది. సిమెంటు ముద్ద పక్కన కొట్టాను. డొల్ల. ఇంకో ముద్ద పక్కన కూడా డొల్ల.

పలక గోడని పట్టుకోలేదు. గోడ మీది రంగుని పట్టుకుంది. కింద గోడ కదులుతుంటే పైన ఆ రంగు పొర ఊడి, పలకతో సహా జారుతోంది. గాజుకి దెబ్బే తగలడం లేదు, ఇక ఎందుకు పగులుతుంది?

మరుక్షణమే నా మాటలు నాకు వినబడ్డాయి. పైపైన అతికించెయ్యలేవా అన్నయ్యా. పిల్ల రెండు గంటల నిద్ర కోసం చెక్కనివ్వంది నేనే.

మా ఆయన్ని పిలిచాను. ఆయన తాపీ పిడితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. ఈసారి నవ్వలేదు. "నా పనైతే ఇది పీకి మళ్ళీ వేస్తాను," అన్నాడు.

సోమవారందాకా ఆగలేక పాపని ఎత్తుకుని ఆయనతో కలిసి సైటుకి వెళ్ళాను. హెల్మెట్టు లేనిదే లోపలికి పంపనన్నాడు వాచ్‌మన్. గేటు దగ్గరే నిలబడ్డాం. రేకుల సందులోంచి గొయ్యి కనబడింది. మా ఇంటి కంటే లోతు. అడుగున లారీ అగ్గిపెట్టెంత ఉంది. మా ఇంటివైపు మట్టి జారకుండా అంచు వెంట దించే ఇనప పలకలు సగందాకే దిగి ఉన్నాయి.

కబురందుకుని ముందు మేస్త్రి వచ్చాడు. చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది.

"నువ్వేగా చెల్లెమ్మా చెక్కొద్దన్నావు?"

"నేనే అన్నాను. ఇంజనీరుకి కూడా నేనే చెబుతాను."

"చెబితే నా పని పోతుంది. వచ్చే సోమవారం ఆయన రాకముందే నేనొచ్చి గుట్టుగా సరిచేస్తా. నన్ను నమ్ము."

అందాకా ఐదు రోజులు. ఐదు రోజులూ యంత్రం గుద్దుతూనే ఉంటుంది. ఆయన మీద నాకు కోపం లేదు. నా పిల్ల నిద్ర చెడుతుందని సుత్తి లోపల పెట్టుకున్న మనిషి. అయినా తల అడ్డంగా ఊపాను.

"కుదరదు అన్నయ్యా. ఇవాళే."

ఇంజనీరు వచ్చాక ఒక్క గుక్కలో చెప్పేశాను. మేస్త్రి చెక్కుతానన్నాడు, నేను చెక్కనివ్వలేదు, పాప పడుకుందని బతిమాలాను, తప్పు నాది. ఇంజనీరు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తువ్వాలు చివర నలుపుతూ నిలబడ్డాడు.

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది పెద్దాయనా," అని మాత్రం అని, అతన్నీ రమ్మని, టార్చి తీసుకుని మాతో బయలుదేరాడు.

మా గదిలో స్టూలెక్కి బొటనవేలితో సిమెంటు ముద్దని నొక్కాడు. అది పెద్దగా కష్టపెట్టలేదు. రెండు ముద్దలూ గాజుతో సహా చేతిలోకి వచ్చేశాయి. పలక ఎక్కడా చిట్లలేదు. వెనక్కి తిప్పి చూపించాడు. ముద్దకి అంటుకుని రంగు పొరలు ఉన్నాయి. తెలుపు, దాని కింద నీలం, దాని కింద పచ్చ, ఇంకా కింద మట్టి రంగు. మాకు ముందు ఆ గదిలో కాపురమున్న వాళ్ళ రంగులన్నీ దానికే అంటుకుని వచ్చాయి. ఒక్క పిసరు ఇటుక పొడి కూడా లేదు.

తర్వాత ఆయన నా పెన్సిలు గీతలు ఒక్కొక్కటీ తేదీతో సహా తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు. టీకాల కార్డు అడిగి తీసుకుని, అది ఎంత దూరుతోందో చూసి అదీ రాసుకున్నాడు.

మేస్త్రి ఉలి తీశాడు. ఈసారి పాప మెలకువగానే ఉంది. మొదటి సుత్తి దెబ్బకే గుక్కపెట్టి ఏడ్చింది. "కొట్టు అన్నయ్యా, ఆగకు," అన్నాను. పూత రాలి ఇటుక బయటపడేసరికి లోపల బీట పెన్సిలంత మందం ఉంది. పైన రంగు దాన్ని కప్పి సన్నగా చూపించింది. కొత్త పలక ఇటుకకే అతికించారు. ఇంజనీరు సైటుకి ఫోన్ చేసి మా వైపు తవ్వకం ఆపమన్నాడు. పలక సంగతి తేలేదాకా గొయ్యికి అటు పక్కే తవ్వుతామన్నాడు.

"ఇది పగిలితే ఫోన్ చెయ్యండి. నన్ను తిట్టుకుంటూ అయినా సరే," అన్నాడు వెళ్తూ.

ఇక ఆ పలకని నేను కనిపెట్టుకుని కూర్చున్నాను. గురువారం ఏమీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం పాపకి అన్నం పెడుతుంటే పడగ్గదిలో చిన్న చప్పుడైంది. ఎవరో గోరు విరిచినట్టు. వెళ్ళి చూశాను. పలక మధ్యలో నిలువునా సన్నటి గీత.

అటు పక్క తవ్వుతుండగానే ఇంత కదిలింది.

"అత్తయ్యా," అన్నాను. "పగిలింది."

అత్తయ్య వచ్చి చూసింది. పాప బట్టలు సంచీలో సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూ సర్దుతూ, "గాజు పగిలిందని మొహం ఇంత విప్పారిన ఆడదాన్ని నిన్నే చూశాను," అంది.

ఇంజనీరు పావుగంటలో వచ్చాడు. సాయంత్రానికి మూడు వాటాలూ ఖాళీ చేశాం. నాలుగు వీధుల అవతల కంపెనీవాళ్ళ సిబ్బంది గదుల్లో మాకు రెండు ఇచ్చారు. మా గోడకి ఇనప దన్నులు పెట్టి, మట్టి అంచుకి పలకలు పూర్తిగా దించేదాకా ఆరు వారాలు పట్టింది. మేస్త్రి పని పోలేదు. దన్నులు బిగించిన వాళ్ళలో ఆయనా ఉన్నాడు. దారిలో కనబడితే, "మీ పాప నిద్రపోయిందా చెల్లెమ్మా, సుత్తి తియ్యమంటావా?" అని అడిగేవాడు.

కొత్త గదిలోకి వెళ్ళిన రోజు మా ఆయన సామాను దించకముందే నాలుగు గోడలూ కొట్టి చూశాడు. నేను గుమ్మంలో పాపని ఎత్తుకుని వింటూ నిలబడ్డాను. నాలుగూ గట్టిగానే పలికాయి. అప్పుడు పాపని చంకలోంచి నేల మీదికి దించాను.