కోసిన వైరు

జనగామలో ట్రాక్టర్లకు కరెంటు పనిచేసే వీరేందర్ గూడూరు దగ్గరి తండాకు చేరేసరికి పొద్దు బాగా పైకెక్కింది. కోత అయిపోయిన మడిలోనే ట్రాక్టర్ నిలిపి ఉంది. దాని వెనక వరిగడ్డిని చుట్టలుగా చుట్టే బేలర్. ట్రాక్టర్ యజమానురాలు తారి క్యాబిన్ మెట్టు మీద కూర్చుని అతని కోసం చూస్తోంది.

"మెడ పట్టేసింది తమ్మీ. చుట్ట నిండిందో లేదో ఎనుకకు తిరిగి చూసుడే పనైంది. గీ డబ్బా బిగిస్తే జర ముందుకు చూసుకుంట తోలుకుంట," అంటూ సంచిలోంచి తీసి ఇచ్చింది.

అరచేతి కంటే కొంచెం పెద్ద డబ్బా. చుట్ట ఎంతవరకు నిండిందో తెర మీద చూపిస్తుంది, నిండగానే కూత పెడుతుంది. వీరేందర్ దాన్ని వెనక్కి తిప్పి అలాగే ఉండిపోయాడు. మూల మీద వేడి సోల్డరింగ్ కడ్డీ తగిలి కరిగిన గుంట. దాని పక్కన వైరు మీద ఎర్ర టేపు. నల్ల టేపు అయిపోతే ఆ రోజు ఎర్రది చుట్టింది తనే. ఏప్రిల్‌లో మొగుళ్లపల్లిలో ముత్యం అనే రైతు ట్రాక్టర్‌కు ఇదే డబ్బాను తన చేతులతో బిగించాడు.

డబ్బా నుంచి బేలర్‌కు పోవాల్సిన వైరు జానెడే మిగిలింది. ప్లగ్గు పీకి తీసింది కాదు. పదునైన దానితో ఒక్క వేటుకు కోసింది.

వేసవిలో మొగుళ్లపల్లి దిక్కున ట్రాక్టర్ల బ్యాటరీలు దొంగలు ఎత్తుకుపోతున్నారని అప్పట్లో ఎవరో చెప్పగా విన్నాడు.

"కొత్తదా అక్కా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"పాతదే. ఒకలు ఇచ్చిండ్రు."

ఇలాంటిదాన్ని ఊరికే ఎవరిస్తారు? వీరేందర్ క్యాబిన్‌లోకి ఎక్కి, కుడివైపు కమ్మీకి పట్టీ బిగించడం మొదలుపెట్టాడు. అరగంటలో అయ్యే పనిని సాగదీశాడు. తారి నీళ్ల సీసా కోసం పక్కకు తిరగ్గానే డబ్బా వెనకున్న నంబరును ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. ఆమె చూడనే చూసింది.

"ఫోటో ఎందుకు?"

"కంపెనీకి పంపాలె. వైరు ఏది సరిపోతదో అడగనీకి."

ఆమె ముఖం బిగుసుకుంది. అప్పుడే వచ్చిన భర్త రాంజీతో లంబాడీలో గబగబా ఏదో చెప్పింది. రాంజీ తలూపి, ట్రాక్టర్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. వాళ్ల మాటల్లో వీరేందర్‌కు అర్థమైంది ఒక్కటే, మొగుళ్లపల్లి. ఇక అనుమానమే లేదనుకున్నాడు.

ముత్యంకు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. గూడూరులో పోలీస్ స్టేషన్ ఉంది.

"ఫ్యూజు లేదక్కా. గూడూరుకు పోయి తెస్త."

"గా డబ్బీల ఉన్నయేంది మరి?" తారి అతని సంచిలోని ప్లాస్టిక్ డబ్బీని చూపించింది.

"అవి... చిన్నయి."

"పో. నీ సంచి ఈడనే ఉండనీ. గా డబ్బా గుడ ఈడ పెట్టి పో."

తనను కదలనివ్వరేమోనని వీరేందర్‌కు భయం పట్టుకుంది. అంతలోనే ఫోన్ మోగింది. ముత్యం! దిగి గట్టు దాకా నడిచాడు.

"అన్నా, నీ బేలర్ డబ్బా గిట్ల పోయిందా?"

"డబ్బా ఏందిరా, బేలరే పోయింది!" ముత్యంది మామూలుగానే పెద్ద గొంతు. "ఎండలల్ల గడ్డికి అగ్గంటుకుని బూడిదైంది. నీకు తెల్వదా? పక్క చేన్ల పనికొచ్చిన రాంజీ అని గూడూరు దిక్కు లంబాడాయన ఉరికొచ్చిండు. బేలర్ తగిలించిన పిన్ను గుంజిండు. వైరు ఊడి రాకపోతే కొడవలితోని కోసి, ట్రాక్టర్‌ను మంటలకెల్లి ఇవతలికి తోలిండు. ట్రాక్టర్ దక్కింది గని పాపం ఆయన చెయ్యి కాలింది. బేలర్ లేనోనికి డబ్బా ఎందుకని బలిమిటికి నేనే ఇచ్చిన. ఏమైంది?"

"ఏం లేదన్నా," అన్నాడు వీరేందర్.

వెనక్కి తిరిగితే మూడడుగుల దూరంలో తారి. అంతా విన్నది.

"ఎవలు ఇచ్చిండ్రని ఒక్కసారన్న అడిగినవా తమ్మీ?"

"లేదక్కా."

"అడిగితే పేరు చెప్పకపోదునా? తండా కాకపోతే అడుగుదువు."

అతను తలదించుకున్నాడు. ఇదే డబ్బా ఏ పటేల్ ఇంట్లోనో కనిపించి ఉంటే, "ఇది ముత్యం అన్నది కదా, మీకెట్ల వచ్చింది?" అని నవ్వుతూ అడిగేవాడు.

"తప్పైంది అక్కా."

పర్వాలేదని ఆమె అనలేదు. "డబ్బా బిగించు. మళ్ల మొగులు పట్టేటట్టున్నది. గడ్డి తడుస్తది," అని పక్కకు తప్పుకుంది.

ఈసారి వీరేందర్ చేతులు చకచకా కదిలాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా డబ్బాకు కరెంటు ఇచ్చాడు. కొత్త వైరును క్యాబిన్ వెనక రంధ్రంలోంచి బేలర్ దాకా లాగాడు. అది ఇరుసుకు రాసుకోకుండా రాంజీ పైకెత్తి పట్టుకున్నాడు. చొక్కా చేయి జారి, మణికట్టు నుంచి మోచేయి దాకా ముడతలు పడి మెరుస్తున్న చర్మం కనిపించింది.

"నొస్తదా అన్నా?"

"ఎండకు జర మండుతది, అంతే." రాంజీ నవ్వాడు. "మేం గుడ నిన్ను నమ్మలె తియ్యి. ఫోటో తీస్తివి గద. మొగుళ్లపల్లాయన ఇచ్చిన మంచి డబ్బా మార్చి ఖరాబైంది పెడతడేమో, కనిపెట్టుమన్నది మా ఇంటామె."

వీరేందర్‌కు నవ్వు రాలేదు.

తారి ఎక్కి బండి కదిలించింది. గడ్డి వరస మీదుగా బేలర్ సాగుతుంటే తెర మీద గీతలు ఒక్కొక్కటే పెరిగాయి. నాలుగు మడుల అవతల డబ్బా కుయ్యిమంది. ట్రాక్టర్ ఆగింది. దారం చుట్టుకుని, వెనక తలుపు లేచి, చుట్ట దొర్లి పడింది. రాంజీ పరుగున పోయి దాన్ని కాలితో తన్ని చూసి, గట్టిగానే ఉందన్నట్టు చేయి ఊపాడు.

వీరేందర్ కూడా చేయెత్తాడు. తారి అతని వైపు చూడలేదు. ముందుకే చూస్తూ రెండో వరసలోకి బండి తిప్పింది.