అరవని తొలిచూలు

నొప్పులు మొదలయ్యేసరికి గౌరి మొగుడు గోవింద్ సముద్రం మీద వేటకి వెళ్లి ఉన్నాడు. భావనపాడు నుంచి ఆసుపత్రికి వచ్చే ఆటోలోనే అత్త తాతమ్మ కోడలికి గట్టిగా చెప్పేసింది.

“బోటు తిరిగొచ్చీదాకా నోరు తెరవకే. మొగోడు సంద్రం మీదుండగా ఇంట్లో ఆడది గొంతెత్తి ఏడిస్తే గంగమ్మ ఊరుకోదు. నీ మావని అలాగే పోగొట్టుకున్నాను.”

మామ పోయింది తుఫానులో. తాతమ్మ మాత్రం ఆ రోజు తాను పంటినొప్పికి ఏడవబట్టే పోయాడని ఇన్నేళ్లుగా నమ్ముతోంది. అలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు? గౌరి కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది.

కాన్పుల గదిలో అనూరాధ సిస్టరుదే రాజ్యం. పొద్దున్నే చెయ్యి పెట్టి చూసి, “రెండు వేళ్లే తెరుచుకుంది. తొలిచూలు కదా, సాయంత్రం దాకా తేలదు,” అనేసింది. ఆ తర్వాత కాన్పు ఎంతదాకా వచ్చిందో తెలుసుకోవడానికి ఆవిడకి చెయ్యీ అక్కర్లేదు, మిషనూ అక్కర్లేదు. చెవులు చాలు. అరుపు పెరిగితే దగ్గరపడ్డట్టు, లేకపోతే లేనట్టు. ఎన్నో ఏళ్ల అనుభవమట. తగలెయ్యనా ఆ అనుభవం!

పక్క మంచం మీద రూబీదీ తొలికాన్పే. ఆ పిల్ల కప్పు ఎగిరిపోయేలా అరుస్తోంది. అరిచినప్పుడల్లా సిస్టరు వచ్చి తొడ మీద ఒక్కటిచ్చి, “మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేదేటి ఈ గోల?” అని తిట్టి, ఎలాగూ వచ్చాను కదాని కడుపు మీద మిషను పెట్టి బిడ్డ గుండె వినేది.

“గౌరిని సూసి బుద్ధి తెచ్చుకో. కిక్కురుమంతన్నాదా?” అనేది.

తాతమ్మ ఆ మాటకి పొంగిపోయింది.

మధ్యాహ్నానికి గౌరికి నడుం విరిగిపోతోంది. ఉమ్మనీరు పోయింది. బిడ్డ లోపలే దొడ్డికి పోయినట్టు గుడ్డకి పచ్చగా అంటుకుంది. “అత్తా, నా వల్ల కాదు, సిస్టరమ్మని పిలు,” అంది. తాతమ్మ వెళ్లింది కూడా.

“అరుస్తన్నాదా?” అంది సిస్టరు, అన్నం డబ్బా మూత తీస్తూ.

“లేదమ్మా. మా కోడలు నోరిప్పదు.”

“అయితే ఇంకా టైముంది. పో.”

నీళ్ల రంగు మాట తాతమ్మ గొంతులోనే ఉండిపోయింది.

రూబీకి ఆడపిల్ల పుట్టి కేరుమంది. ఆ పని తెమిలాక సిస్టరు గౌరి కడుపు మీద మిషను పెట్టింది. ఇటు జరిపింది, అటు జరిపింది. బ్యాటరీ అయిపోయిందేమోనని అరచేత్తో కొట్టి చూసింది. మిషను బాగానే ఉంది. డాక్టరు పరుగున వచ్చి బిడ్డని బయటికి తీశాడు. మగపిల్లాడు. ఒళ్లంతా పచ్చటి మురికి. ఊపిరి లేదు.

“నొప్పులొస్తంటే నోరు లేదా నీకు? అరవాల గదా! నీ బిడ్డని నువ్వే సంపుకున్నావు,” అని సిస్టరు గౌరి మీదే పడింది.

గౌరి కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. నోరు తెరిచిందో లేదో తాతమ్మ అరచేత్తో మూసేసింది. “వద్దే తల్లీ! ఈడు ఎలాగూ పోయినాడు. నా కొడుకింకా నీళ్ల మీదే ఉన్నాడు.”

మూసిన చెయ్యి ఫోను మోగేదాకా తియ్యలేదు. తీసి మాట్లాడి, కళ్లు తుడుచుకుని కోడలి తల నిమిరింది.

“బోటు ఒడ్డెక్కిందట. ఇప్పుడేడువమ్మా. ఎంత ఏడుస్తావో ఏడువు.”

గౌరి అత్త మొహంలోకి చూసింది.

“ఇప్పుడేడిస్తే నా కొడుక్కి ఇనబడతాదేటి అత్తా?”