వణికింది నా చెయ్యి కాదు

నా చెయ్యి వణుకుతోందని మొదట అన్నది మా ఆయన. అదీ ఇంట్లో నాలుగు గోడల మధ్య అనలేదు. బేకరీ కౌంటరు దగ్గర, రొట్టెల కోసం నిలబడ్డ అందరి చెవుల్లో పడేలా అన్నారు. "వయసు మీద పడుతోంది కదా, ఆవిడ చెయ్యి కాస్త వణుకుతోందిలెండి" అని ఓనరుకి చెప్పారు, ఒరిగిపోయిన కేకు వంక జాలిగా చూస్తూ. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ చేతిలో చితికిపోయిన కేకు పెట్టుకుని ఎవరితో పోట్లాడతాం?

బేకరీ సరుకు చేరవేయడం నా పని. సరుకు వాళ్ళది, మోటారు సైకిలు నాది. పొద్దున రొట్టెలు, మధ్యాహ్నం కేకులు, పెట్టెలో సర్ది వెనక సీటుకి కట్టుకుని దుకాణాలకీ ఇళ్ళకీ తిరుగుతాను. ఈ పని నన్నెవరూ పిలిచి ఇవ్వలేదు. ఆడమనిషికి మోటారు సైకిలేమిటని నవ్విన వాళ్ళ కళ్ళ ముందే నేర్చుకుని, వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను. నడుం పట్టేసి మా ఆయన మెకానిక్ షెడ్డు మూసేశాక మా ఇల్లు ఆ రెండు చక్రాల మీదే నడుస్తోంది.

ఆ ముందు చక్రమే కొంతకాలంగా నన్ను సతాయిస్తోంది. కాస్త వేగం అందుకోగానే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకునేది. మలుపుల్లో మరీను. ఇంటికొచ్చి చెబితే ఆయన పేపర్లోంచి తల ఎత్తేవారు కాదు.

"నా చేత్తో నేను వేసిన బేరింగులవి. కొత్తవి. చక్రానికేం రోగం లేదు, నీ తోలడమే అలా ఉంది."

ఆయన్ని వీధంతా మేస్త్రి అంటారు. బండి విషయంలో మేస్త్రి మాటంటే మాటే. ఆ మాట వీధిలో పడగానే అందరూ నా మొహం మానేసి నా చేతుల వంక చూడ్డం మొదలుపెట్టారు. పక్క వాటాలో ఉండే మా ఆడపడుచయితే, నేను టీ కప్పు అందిస్తే ఒలికిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకునేది. నిజం చెప్పొద్దూ, ఓసారి నేను కూడా గది తలుపేసుకుని చేతులు చాపి చూసుకున్నాను. రాయిలా ఉన్నాయి.

ఈ రోజు పొద్దున ఇంకో కేకు ఒరిగింది. ఓనరు కుర్రవాడు, మంచివాడే. అయినా మొహం చాటేస్తూ మాట్లాడాడు.

"ఏమీ అనుకోకక్కా. సాయంత్రం మూడంతస్తుల కేకు ఒకటి వెళ్ళాలి. అది వేరేవాళ్ళతో పంపిస్తా. రేపట్నించి రూటు కూడా..."

"పూర్తి చెయ్యి బాబూ."

"రూటు కూడా వాళ్ళకే ఇద్దామనుకుంటున్నా."

"సాయంత్రం దాకా ఆగు. చక్రం బాగుచేసుకుని వస్తా. అప్పుడు చెబుదువుగాని."

"చక్రం బాగానే ఉందని మేస్త్రిగారు అన్నారుగా?"

"మేస్త్రిగారు ఆ బండి తోలి ఎన్నాళ్ళయిందో అడిగావా?"

దారిలో కొత్త బేరింగులూ సీళ్ళూ కొనుక్కుని, బండిని నడక వేగంతో ఇంటికి తెచ్చాను. బేరింగులు ఫ్రిజ్‌లో పడేశాను. చల్లబడితే కాస్త కుంచించుకుని సులువుగా దిగుతాయి. మెట్ల ముందు సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాలిలో ఉండేలా ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టాను. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కు టక్కుమంది.

"ఏమండీ, వినిపిస్తోందా?"

"అది బ్రేకు ప్లేటు చప్పుడు" అన్నారు ఆయన, అరుగు మీది కుర్చీలోంచి.

"బ్రేకు ప్లేటయితే తిప్పినప్పుడు మోగాలి. ఊపితే మోగుతోంది."

"నువ్వు నాకు చెబుతున్నావా? సరే, విప్పుకో. మళ్ళీ బిగించమని మాత్రం నన్నడక్కు."

"అడిగితే ఈ చెయ్యి నరుక్కుంటాను. ఎలాగూ వణికేదే కదా, పోతే పోనీ."

పెళ్ళయిన నాటి నుంచీ ఆయన పక్కన గొంతుక్కూర్చుని పానాలు అందించినదాన్ని. అందించే వాళ్ళకి కళ్ళుండవా? నట్టు విప్పి, యాక్సిల్ లాగి, చక్రం బయటికి తీశాను. చప్పుడు విని మా ఆడపడుచు వచ్చింది.

"అన్నయ్యుండగా నీకెందుకు వదినా ఈ మసి?"

"చక్రానికి రోగం లేదని మీ అన్నయ్య అన్నారుగా. రోగమే లేనిచోట డాక్టరుతో ఏం పని? ఇలా వచ్చి చక్రం పట్టుకో."

పైనున్న రబ్బరు సీలు పీకి బేరింగులో వేలు పెట్టి తిప్పితే, బియ్యంలో రాళ్ళు తగిలినట్టు గరగరలాడింది. గ్రీజంతా తుప్పు రంగు. మా ఆడపడుచు వేలు కూడా పట్టుకుని తిప్పించాను. "కొత్తవన్నాడే!" అంది. కుర్చీలో పేపరు ఇంకాస్త పైకి లేచింది.

చక్రం మధ్యలో, రెండు బేరింగులకీ నడుమ ఒక ఇనప గొట్టం ఉంటుంది. యాక్సిల్ ఎంత గట్టిగా బిగించినా ఆ బలమంతా గొట్టమే మోస్తుంది కాబట్టి బేరింగులు నలగవు. వాటిని కొట్టి బయటికి తీయాలంటే ముందు కడ్డీతో ఆ గొట్టాన్ని కాస్త పక్కకి జరపాలి. నేను కడ్డీ దూర్చాను. జరపడానికి ఏమీ తగల్లేదు. బేరింగులు రెండూ కొట్టి తీసేసి లోపలికి చూస్తే, అవతల మా ఆడపడుచు ముక్కు కనిపించింది.

"గొట్టమేదీ?" అన్నాను.

"ఆ మోడల్‌కి ఉండదు" అన్నారు ఆయన. గొంతులో మేస్త్రి లేడు.

నేను లోపలికి వెళ్ళి ఆయన పనిముట్ల పెట్టె తెచ్చి గుమ్మంలో బోర్లించాను. అడుగున పాతగుడ్డలో చుట్టి, పైన దారం కట్టి ఉంది గొట్టం. మరిచిపోయినదయితే నట్ల మధ్య దొర్లుతూ ఉండాలి. ఇది దాచినది.

"రోడ్డు మీద చక్రం పట్టేసి నేను పడిపోతే?" అని అడిగాను.

ఆయన పేపరు మడిచారు. "బిగించేశాక ఊడుస్తుంటే కనిపించింది. రేపు విప్పి పెడదామనుకున్నా. మర్నాడు మళ్ళీ నడుం లేవనివ్వలేదు. ఈలోగా నువ్వు బండి ఊగుతోందన్నావు. నోటికొచ్చింది అనేశా. ఆ తర్వాత వీధంతా అదే మాట. ఇంకెలా వెనక్కి తీసుకోను?"

"ఏ నోటితో అన్నారో ఆ నోటితోనే."

"అన్నయ్యా!" అంది ఆడపడుచు. నేను చెప్పకుండానే లోపలికెళ్ళి ఫ్రిజ్‌లోంచి బేరింగులు తెచ్చింది, వేడినీళ్ళలో గుడ్డ ముంచి చక్రం మధ్య హబ్బుకి చుట్టింది.

బేరింగుని బయటి రింగు మీదే కొట్టి దించాలి. లోపలి రింగు మీద దెబ్బ పడితే కొత్తది కాస్తా పాతదైపోతుంది. బయటి రింగుకి సరిపోయే సాకెట్ పానా ఎడమచేత్తో నిలబెట్టి, సుత్తితో నింపాదిగా కొట్టాను. ఆయన నా చేతినే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. ఒకటి దిగింది. గ్రీజు పూసి గొట్టం పెట్టి, రెండోదీ దించాను.

"లే, నేను బిగిస్తా" అంటూ వచ్చారు.

"అక్కర్లేదు. ఆ పానా అందించండి."

అందించారు.

బిగించి, చక్రం తిప్పి వదిలితే చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. పట్టుకుని ఊపితే ఇసుమంత కదల్లేదు. చేతులు తుడుచుకుని, "చొక్కా వేసుకోండి, బేకరీకి వెళ్ళాలి" అన్నాను.

"ఓనరుకి ఫోన్ చేసి చెబుతాలే."

"ఫోన్లో అన్నారా నన్ను?"

"మొగుడి పరువు తీస్తావా?"

"నా పరువు గుడ్డలో చుట్టి దారం కట్టినప్పుడు ఈ తెలివి ఏమైంది? అందరి ముందూ అన్నారు, అందరి ముందే చెప్పండి."

ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నారు. బేకరీ దాకా హ్యాండిల్ ఒక్కసారి కూడా అదరలేదు.

కౌంటరు దగ్గర జనం బాగానే ఉన్నారు. ఆయన గొంతు సవరించుకుని, "చక్రంలో చిన్న లోపం ఉందండీ, సరిచేశాం" అన్నారు.

"ఎవరు పెట్టిన లోపం?" అన్నాను.

ఆయన నన్ను చూశారు. నేను కళ్ళు తిప్పుకోలేదు.

"నేనే" అన్నారు. "లోపల పెట్టాల్సిన గొట్టం మరిచిపోయాను. తెలిశాక కూడా చెప్పలేదు. ఆవిడ చెయ్యి వణకదు. ఎప్పుడూ వణకలేదు."

ఆ చివరి మాట నేను అడిగింది కాదు. కానీ కరిగిపోవడానికి అది సమయం కాదనుకుని ఓనరు వైపు తిరిగాను.

"సరేలే అక్కా, రేపట్నించి మామూలుగా వచ్చెయ్" అన్నాడు ఓనరు.

"రేపటి సంగతి రేపు. మూడంతస్తులదేదీ?"

అతను ఒక్క క్షణం తటపటాయించి, తనే లోపలికెళ్ళి తెచ్చాడు. పెట్టెలో సర్ది, వెనక సీటుకి తాడు బిగించి కట్టాను. మా ఆయన బండి పక్కన నిలబడి చూస్తున్నారు.

"మరి నేనో?"

"నడిచి రండి. నడిస్తే నడుముకి మంచిదని డాక్టరు చెప్పాడుగా."

ఇంటిదాకా అంతా మేస్త్రిని ఎరిగినవాళ్ళే. బండేదీ, ఒక్కరే నడిచొస్తున్నారేమిటీ అని గుమ్మం గుమ్మానా అడుగుతారు. అడగనీ, చెప్పుకోనీ. ఇన్నాళ్ళూ నా చెయ్యి గురించి నేను చెప్పుకోలేదూ?