బయటకెళ్ళారు

పదకొండో కుర్చీ విప్పుతుంటే కాలు ఇరుక్కుంది. ఇనప మడతకుర్చీలతో ఇదే గొడవ, విప్పేటప్పుడు ఒక బాధ, మడిచేటప్పుడు ఇంకో బాధ. బాలశౌరి మోకాలు ఆనించి లాగాడు.

"ఉండండి సార్, తొందరేంది," అన్నాడు కుర్చీతో.

ఆ కుర్చీ పోస్టాఫీసు పుల్లారావుది. ఆయన పోయి ఇరవై ఆరేళ్ళయింది.

నరసరావుపేట స్టేషన్ రోడ్డు వెనక సందులో మూతబడిన ప్రింటింగ్ ప్రెస్సు ఒకటుంది. దాని మేడమీద గదిలో నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి, కొంతమంది చేరి పుస్తకం చదువుకుంటారు. ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు వింటారు, విన్నాక వాదించుకుంటారు, వాదన తేలకుండానే టీ తాగి ఇళ్ళకి పోతారు. ముప్ఫై మూడేళ్ళుగా ఇదే వరస. సంఘానికి సంస్కృతంలో మంచి పేరే పెట్టుకున్నారు గానీ అది బోర్డు మీదే మిగిలిపోయింది. సందులో అందరూ 'రెండో ఆదివారం' అనే అంటారు.

బాలశౌరి ఆ చదువుకునేవాళ్ళలో లెక్క కాదు. హైస్కూల్లో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. అదే స్కూల్లో తెలుగు చెప్పే త్రికోటయ్య మాస్టారు ఈ సంఘం పెట్టిన కొత్తలో, "ఆదివారం కాస్త వచ్చి గది ఊడ్చిపెట్టరా," అన్నాడు. ఆ కాస్త పని ఇన్నేళ్ళు సాగింది. మనిషి పొడుగు. బెల్లు కొట్టీ కొట్టీ కుడిభుజం ఎడమదానికంటే వేలెడు కిందికి దిగింది. చేతులు పెద్దవి, వేళ్ళ కొసలు పగిలి తెల్లబడ్డాయి. చర్చికి వేసుకునే చొక్కానే ఇక్కడికీ వేసుకొస్తాడు. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఇక్కడ ఆయనకి కుర్చీ లేదు. గుమ్మం పక్కన స్టూలు ఉంది, అది చాలనుకున్నారు అందరూ. ఆయనా అనుకున్నాడు, క్రితం నెల దాకా.

పద్నాలుగు కుర్చీలు వేశాక నడుముమీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. ఎవరిది ఎక్కడో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. పుల్లారావుకి ఫ్యాను గాలి పడదు, అందుకని గోడవార. మాస్టారిది కిటికీ దగ్గర. పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది పోయారు. మిగిలిన అయిదుగురిలో ఇద్దరు కాపురాలు గుంటూరు మార్చారు. నికరంగా వచ్చేది ముగ్గురు. ముగ్గురికి పద్నాలుగు కుర్చీలేంటని సందులో ఎవరైనా అడిగితే బాలశౌరి వినపడనట్టు పోతాడు.

దీనికంతటికీ మూలం ఆయన నోరే. త్రికోటయ్య మాస్టారు బడి అలవాటు వదులుకోలేక ఇక్కడా హాజరు పట్టీ పెట్టాడు. తలలు నెరిసినవాళ్ళు కూడా ముసిముసిగా నవ్వుకుంటూ "ప్రెజెంట్ సార్" అనేవాళ్ళు. పుల్లారావు పోయిన పై నెల, మాస్టారు వరసలో చూసుకోకుండా ఆ పేరు పిలిచేసి నాలుక్కరుచుకున్నాడు. స్కూల్లో ఏ పిల్లాడి పేరుకైనా పలుకు రాకపోతే అటెండర్లు చెప్పే మాట ఒకటుంది. ఆ మాటే బాలశౌరి నోట్లోంచి జారింది.

"బయటకెళ్ళారు సార్."

తిట్లు తప్పవనుకున్నాడు. మాస్టారు తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పుల్లారావు పేరుకెదురుగా చిన్న చుక్క పెట్టాడు. మరుసటి నెల ఆ పేరు మళ్ళీ పిలిచాడు, ఈసారి తెలిసే పిలిచాడు. పిలిచి గుమ్మం వైపు చూశాడు. బాలశౌరి పలికాడు. ఆ తర్వాత ఎవరు పోయినా అంతే. చివరికి మాస్టారు పోతే ఆయన పేరుకీ బాలశౌరే పలికాడు, రెండుసార్లు.

మిగతావాళ్ళకి అదొక ముచ్చట. ఆయనకి కాదు. ఏడేళ్ళ కిందట జ్వరం వచ్చి ఒక నెల రాలేకపోయాడు. ఆ నెల పోయినవాళ్ళ పేర్లకి ఎవరూ పలకలేదు. అప్పటికి ఆరుగురు. మళ్ళీ నెల వచ్చి తాళం తీస్తే, గోడకి చేరవేసి ఉండాల్సిన కుర్చీల్లో ఆరు విప్పి ఉన్నాయి. ఆరూ తలుపు వైపు తిరిగి ఉన్నాయి. తను రాని నెల గది సర్దింది సభ్యుల్లో ఒకడైన నదీం. అలాగే వదిలేసి పోయి ఉండొచ్చు. బాలశౌరి అడగలేదు. అవునంటాడేమోనని ఒక భయం, కాదంటాడేమోనని ఇంకో భయం. ఆ రోజునుంచి ఇంట్లో ఎంత పనున్నా రెండో ఆదివారం తప్పలేదు.

ఇప్పుడు గుండె మొరాయిస్తోంది. క్రితం నెల మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసింది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. ఈ గదికి ఇరవై ఒక్క మెట్లు. ఆ రాత్రి నుంచి ఒకటే ఆలోచన తొలుస్తోంది. తను పోతే ఏ పేరు పిలుస్తారు? పట్టీలో తన పేరు లేదు. పిలవరు. పేరు లేనివాడు లోపలున్నా ఒకటే, బయటకెళ్ళినా ఒకటే.

పొద్దున చర్చినుంచి వస్తూ భార్య గ్రేసమ్మతో ఆ మాటే అన్నాడు. "ఇయ్యాల నా పేరు రాయమని అడుగుతానే."

"రాస్తే ఏమొస్తది? పింఛనా?"

"పిలుస్తారు."

"నేను పొద్దస్తమానం పిలుస్తానే ఉండాగా, పలుకుతున్నావా?" అంది గ్రేసమ్మ. అని, మొగుడి మొహం చూసి నవ్వడం మానేసింది. "అడుగు. నోరిప్పి అడుగు. ఇన్నాళ్ళూ అందరికీ నువ్వే నోరైతివి."

మెట్లమీద చప్పుడయింది. ముందు వచ్చింది రామాయమ్మ. డెబ్భై ఆరేళ్ళ ఆవిడ. ఒకప్పుడు రాజుపాలెంలో నర్సు, ఇప్పటికీ ఎవర్ని చూసినా ముందు రోగం వెతుకుతుంది.

"ఒరేయ్ బాలశౌరీ, చెమటలేందిరా అట్టా కారుతున్నయ్?"

"కుర్చీలు వేశాగా నర్సమ్మ గారూ."

"కుర్చీలకి పట్టే చెమట కాదది. మందులు వేస్తున్నావా?"

వేస్తున్నానని తలూపాడు. వెనకాలే కళ్ళజోళ్ళ కొట్టు నదీం వచ్చాడు. అందరికంటే చివర దేవిక. మాస్టారి కూతురు, డిగ్రీ కాలేజీలో లెక్చరరు, తండ్రి పోయాక సంఘానికి సెక్రటరీ. ఆమె చేతిలో పాత హాజరు పట్టీ ఉంది. దానిమీద నీలం అట్ట కొత్త రిజిస్టరు ఇంకోటి ఉంది. బాలశౌరి చూపు దానిమీద పడి అక్కడే ఆగిపోయింది.

"ఒక మాట చెప్పాలి," అంది దేవిక కూర్చుంటూ. "క్రితం నెల సంజన అని మా స్టూడెంటు వచ్చింది, గుర్తుందా? మళ్ళీ రానంటోంది. ఖాళీ కుర్చీలకి హాజరు పలుకుతుంటే భయమేసిందట. నిజమేగా. ఇలా అయితే కొత్తవాళ్ళు ఎవరొస్తారు? ఈ నెలనుంచి కొత్త రిజిస్టరు పెడదాం. ఉన్నవాళ్ళ పేర్లే రాద్దాం."

నదీం గడ్డం గోక్కున్నాడు. "అదీ మంచిదేలే," అన్నాడు మెల్లగా.

దేవిక గుమ్మం వైపు తిరిగింది. "బాలశౌరి బాబాయ్, అసలు ఇంకో సంగతి. ఇన్నేళ్ళూ మీ పేరు ఎందుకు రాయలేదో నాకే సిగ్గుగా ఉంది. ఇందులో మొదటి పేరు మీదే రాస్తాను."

అడగకుండానే ఇస్తోంది. పొద్దుటినుంచి ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూడబలుక్కుంటున్నవాడికి ఒక్కటీ ఖర్చు కాలేదు. సంతోషపడాలి. ఆయన లేచి నిలబడ్డాడు. వెనకనుంచి, గోడవారనుంచి, ఎవరో పొడిగా దగ్గినట్టు అనిపించింది. పుల్లారావుకి పొడిదగ్గు ఉండేది. తిరిగి చూడలేదు.

"రాయండమ్మా," అన్నాడు. "కానీ అందులో వద్దు. పాతదాంట్లో రాయండి."

"పాతదెందుకు బాబాయ్? అందులో..."

"వాళ్ళందరూ అందులోనే ఉండారుగా. నేనొక్కణ్ణి ఇందులోకొస్తే ఆళ్ళకి పలికేదెవరు? పోయినోళ్ళని కొట్టేసి నా పేరు రాస్తే, రేపు నన్నూ కొట్టేస్తారు. అడుగున రాయండి చాలు. మాస్టారు పేరు కింద."

అంత పొడుగు మాట ఆయన ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడలేదు. దేవికకి తండ్రి పేరు వినగానే కళ్ళు చెమర్చాయి. కొత్త రిజిస్టరు తీసి కాళ్ళ దగ్గర పెట్టేసింది. పాతది తెరిచి, పద్నాలుగు పేర్ల కింద పదిహేను అంకె వేసి, బాలశౌరి అని గుండ్రంగా రాసింది. రాసింది ఆయనకి తిప్పి చూపించింది. అయిదో తరగతి చదువు ఆయనది. పెదాలు కదుపుతూ నాలుగక్షరాలూ చదువుకున్నాడు.

హాజరు మొదలైంది. పుల్లారావు. బయటకెళ్ళారు. ఉన్నవాళ్ళు తమకి తామే పలికారు. గుంటూరువాళ్ళకి ఎవరూ పలకలేదు, బతికున్నవాళ్ళకి నోరుంది, వాళ్ళ సంగతి వాళ్ళే చూసుకుంటారు. ఒక్కో పేరుకీ బాలశౌరి గొంతు ఒకే తీరున, గంట కొట్టినంత నిదానంగా పలికింది. త్రికోటయ్య. బయటకెళ్ళారు. ఆ తర్వాత దేవిక ఒక్క క్షణం ఆగి, నవ్వు మొహంతో పిలిచింది.

"బాలశౌరి."

"బయటకెళ్ళారు," అన్నాడు.

నదీం పకపకా నవ్వాడు. దేవిక కూడా నవ్వాపుకోలేకపోయింది. "శౌరన్నా, నువ్వే! నీ పేరే పిలిచింది," అన్నాడు నదీం తొడ చరుచుకుంటూ. బాలశౌరి కూడా నవ్వబోయాడు గానీ దవడలు బిగుసుకున్నాయి. తన గొంతు తనది కానట్టు వినిపించింది. రామాయమ్మ నవ్వలేదు. ఆయన మొహాన్నే చూస్తోంది.

"ఉండానమ్మా," అన్నాడు ఆఖరికి. "ఇక్కడే ఉండా."

దేవిక ఒక టిక్కు పెట్టింది. నదీం స్టూలు లాక్కొచ్చి గోడవార వరసలో, పుల్లారావు కుర్చీ పక్కన వేశాడు. బాలశౌరి కూర్చున్నాడు. ఆ రోజు బావి తవ్వుకున్న ఒక రైతు కథ చదివారు. నీళ్ళు పడతాయా పడవా అని గదంతా ఊపిరి బిగబట్టింది. ఊపిరి ముగ్గురిదో నలుగురిదో కాదు, గదినిండా మనుషులు పీల్చినంత ఉంది. ఆ ఊపిరి ఆయనకి కొత్త కాదు. గుమ్మం దగ్గర దూరంగా వినపడేది, ఇవాళ చెవి పక్కనే ఉంది. భయపడాల్సినంత భయం వేయలేదు. సభ్యుడనేవాడు ఇలాగే కూర్చుంటాడు కాబోలు అనుకున్నాడు.

టీలయ్యాక దేవిక బీరువా తెరిచింది. "సభ్యులు నెలకో పుస్తకం తీసుకెళ్ళొచ్చు. మీకేది కావాలి?"

ఈ ప్రశ్న తనని ఎవరైనా అడుగుతారని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ బీరువా ముప్ఫై మూడేళ్ళుగా తుడుస్తున్నాడు, ఒక్కటీ ఇంటికి తీసుకుపోలేదు. చాలాసేపు చూసి పల్చటిది ఒకటి లాగాడు, ఆకుపచ్చ అట్టది. చొక్కా లోపల పెట్టుకుని, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగాడు.

పదకొండో రోజు గురువారం పొద్దున మొహం కడుక్కుందామని చెంబు తీసుకుని లేచాడు. లేచినవాడు మళ్ళీ మంచమ్మీద కూర్చున్నాడు. గ్రేసమ్మ పొయ్యి దగ్గరనుంచి రెండుసార్లు పిలిచింది. పలకకపోవడం ఆయనకి మామూలేగా అని మూడోసారి పిలవలేదు. పప్పు దించి వచ్చి చూస్తే అయిపోయింది.

తర్వాతి రెండో ఆదివారం కుర్చీలు నదీం వేశాడు. ఎవరిది ఎక్కడో తెలియక ఊరికే వరసగా వేశాడు. గోడవార వేయాల్సిందేదో, కిటికీ దగ్గరిదేదో ఎవరికీ గుర్తులేదు. స్టూలు మాత్రం వరస చివర పెట్టాడు.

గ్రేసమ్మ ఇరవై ఒక్క మెట్లూ ఎక్కి వచ్చింది, పుస్తకం ఇచ్చిపోదామని. "ఎండనపడి వచ్చావు, కాసేపు కూర్చో," అని రామాయమ్మ లోపలికి తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చోమంటే వద్దని, గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని నేలమీద కూలబడింది. పుస్తకం ఎవరికివ్వాలో తెలియక స్టూలు మీద పెట్టింది.

దేవిక పాత పట్టీ తెరిచింది. కొత్తది ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

"పుల్లారావు," అని పిలిచింది.

నదీం రామాయమ్మ వైపు చూశాడు. రామాయమ్మ తలొంచుకుంది. ఇద్దరి పెదాలూ కదిలాయి. ఇన్నేళ్ళుగా విన్న మాటే, ఎవరి నోటికీ రాలేదు. దేవిక చుక్క పెట్టకుండానే రెండో పేరుకి పోయింది. అలా ఒక్కో పేరూ పిలిచింది. పోయినవాళ్ళ పేరు వచ్చినప్పుడల్లా ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. తొమ్మిదిసార్లు ఆగింది. తండ్రి పేరు దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. రామాయమ్మ కొంగుతో చేతులు కప్పుకుంది.

"బాలశౌరి."

గుమ్మం దగ్గర గ్రేసమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. పుస్తకం గురించి అడుగుతున్నారనుకుంది.

"ఇంకా అవలేదమ్మా," అంది కంగారుగా. "రోజుకి రెండు మూడు వరసలే చదివేవోడు, వేలు పెట్టుకుని, పైకి. నన్ను కూడా వినమనేవోడు. సగం కూడా కాలా. ఆ పుల్ల మాత్రం తీయమాకండి, ఎక్కడిదాకా వచ్చాడో తెలీకుండా పోద్ది."

దేవిక చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. స్టూలు మీద ఆకుపచ్చ అట్ట పుస్తకం ఫ్యాను గాలికి కాస్త తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది, మూడో పేజీ దగ్గర పెట్టిన చీపురుపుల్ల సగం బయటికి ఉంది.