ముక్కమ్మ తీర్పు

ఆ ఇంట్లో మిగిలిన కూర చెత్తబుట్టలో పడాలన్నా, మధ్యాహ్నం మళ్ళీ కంచంలోకి రావాలన్నా ముక్కమ్మ మాట కావాలి. ఆ పేరు పెట్టిన భర్త పోయి చాలా కాలమైంది. పేరు మాత్రం పోలేదు. ఇరుగుపొరుగు కూడా అలాగే పిలుస్తారు.

సెలవుల్లో కూతురూ అల్లుడూ వస్తే వండినదాంట్లో తినేది ఎంతో మిగిలేదీ అంతే. మర్నాడు పొద్దున్నే కోడలు ఆ గిన్నెలన్నీ వంటింటి గట్టు మీద వరసగా పెట్టి అత్తగారిని పిలుస్తుంది. ముక్కమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని, ఒక్కో మూతా ఎత్తి, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీలుస్తుంది. "ఉంచు" అంటుంది. లేదా "ఇవాళే వేడి చేసి తినెయ్యండి" అంటుంది. ఎప్పుడో గానీ "పారెయ్" అనదు. అన్న రోజున గిన్నె కడిగేదాకా ఆవిడ మొహం మాడిపోయి ఉంటుంది. గింజ నేలపాలైతే ప్రాణం విలవిల్లాడే మనిషి. ఇన్నేళ్ళలో ఆవిడ ఉంచమన్నది తిని ఎవరికీ కడుపు నొప్పి రాలేదు.

మోకాళ్ళు పట్టేశాక బజారు పని కొడుకు తీసుకున్నాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక పొయ్యి కోడలికి వెళ్ళింది. బట్టల కొట్లో రోజంతా నిలబడి వచ్చి కూడా కోడలు వంట బాగానే చేస్తుంది, వంక పెట్టడానికి లేదు. ముక్కమ్మకి మిగిలిన ఉద్యోగం ఆ ముక్కొక్కటే.

ఈసారి సెలవులకి ముందు ఆవిడకి జ్వరమూ జలుబూ పట్టుకున్నాయి. జ్వరం పోయింది, జలుబూ పోయింది, వాటితోపాటు వాసనా పోయింది. పాలు పొంగి పొయ్యి మీద మాడుతుంటే పక్కనే కూర్చుని కూడా తెలుసుకోలేకపోయింది. సబ్బు ముక్కుకి ఆనించుకుని చూసింది. వెల్లుల్లి నలిపి చూసింది. రాయిని వాసన చూసినట్టే ఉంది. రేపు వస్తుందిలే, ఎల్లుండి వస్తుందిలే అనుకుంటూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక గిన్నెలు తన ముందుకి రావు.

ఇంతలో చుట్టాలు వచ్చేశారు.

మర్నాడు పొద్దున గట్టు మీద కోడికూర, పప్పు, బీన్స్, రాత్రి మిగిలిన అన్నం. ముక్కమ్మ మూత ఎత్తింది, కళ్ళు మూసుకుంది, గాలి పీల్చింది. ఖాళీ గిన్నెలో తల పెట్టినట్టుంది. పాడైనది ఉంచమంటే అందరూ మంచం ఎక్కుతారు.

"పారెయ్" అంది.

"కోడికూర కూడానా అత్తయ్యా? నిన్న సాయంత్రం వండిందేగా."

"ఉక్కపోస్తోంది కదమ్మా. అన్నీ పారెయ్."

కోడలు చెత్త సంచీ తెచ్చింది. ముక్కలు సంచీలో పడుతున్న చప్పుడు వినలేక ముక్కమ్మ పెరట్లోకి వెళ్ళిపోయింది. అల్లుడు పళ్ళు తోముకుంటూ నవ్వాడు. "ఏంటి అత్తయ్య గారూ, లాటరీ గానీ తగిలిందా? కోళ్ళని సంచుల్లో సాగనంపుతున్నారు."

"మీ అత్తగారికి చాదస్తం తగ్గిందిలెండి, సంతోషించండి" అంది కూతురు.

ముక్కమ్మ నవ్వింది. ఆ పూట ముద్ద దిగలేదు.

ఆ సిగ్గుతోనే మర్నాడు అన్నింటికీ "ఉంచు" అనేసింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకు బీన్స్ కూర నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. పెళ్ళాం వంక చూశాడు. కోడలు తన కంచంలోంచి కొంచెం వేలికి తీసుకుని నాలుకకి రాసుకుంది. వెంటనే గిన్నె ఎత్తి, "ఉప్పు తక్కువైంది, సరిచేసి తెస్తాను" అంటూ లోపలికి వెళ్ళింది. ఆ గిన్నె మళ్ళీ రాలేదు. ఎవరూ అడగలేదు కూడా. కొడుకు గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, అల్లుడితో కరెంటు మోటారు సంగతి మొదలుపెట్టాడు.

ఒక్కరు విసుక్కున్నా ముక్కమ్మకి ఊపిరాడేది. "ఏమ్మా, ముక్కు ఎక్కడ పెట్టుకుని చూశావు?" అని కొడుకు అన్నా బాగుండేది. మింగలేక కక్కలేక కూర్చుంది.

ఆ తర్వాత పొద్దుటిపూట గిన్నెలు ఎప్పటిలాగే వచ్చాయి. ఆవిడ ఉంచమన్నవన్నీ అందరూ ఇష్టంగా తిన్నారు. ముక్కు లేకుండానే తీర్పులన్నీ సరిపోతున్నాయి. ఏదో ఓ అదృష్టం కాపాడుతోందని మొదట అనుకుంది. కానీ అదృష్టం అంత క్రమంగా పొద్దున్నే లేచి పనిచేయదు కదా.

చుట్టాలు వెళ్ళే రోజున ముక్కమ్మ పెందలాడే లేచింది. వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. కోడలు మూత ఎత్తి, కళ్ళు మూసుకుని, అచ్చం తనలాగే ఒక్కసారి గాలి పీలుస్తోంది. ఒక గిన్నెలోది తీసి సంచీలో వేసి, గిన్నె కడిగి బోర్లించింది. మిగిలినవి వరసగా సర్దింది. మూతలు ఎవరూ తాకనట్టు సరిచేసింది. ముక్కమ్మ చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

"అత్తయ్యా, గిన్నెలు చూద్దురు గాని, రండి."

వెళ్ళింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. బంగాళాదుంపల కూర మూత ఎత్తింది, కళ్ళు మూసుకుంది. ఆ దుంపలు ముందురోజు తనే తరిగింది. చెయ్యి వణికి ముక్కలు ఒకటి పెద్దా ఒకటి చిన్నా పడ్డాయి, పచ్చిబఠాణీలూ తనే ఒలిచింది.

కోడలు చూసి ఉంచిందంటే పాడవలేదని తెలుసు. అయినా "ఇది పారెయ్" అంది.

కోడలు ఆవిడ మొహంలోకి చూడలేదు. "సరే అత్తయ్యా" అంది.

సాయంత్రం కూతుర్నీ అల్లుణ్ణీ బస్సెక్కించి కొడుకు తిరిగొచ్చాడు. ఇల్లు బోసిపోయింది. భోజనానికి ముగ్గురే మిగిలారు. కోడలు పెనం మీంచి వేడివేడిగా వడల్లాంటి బిళ్ళలు తీసి కంచాల్లో వేసింది. పైన ఎర్రగా కాలి ఉన్నాయి. ముక్కమ్మ ఒకటి విరిచింది. లోపల మెదిపిన బంగాళాదుంప, మెదగకుండా మిగిలిన ఒక పెద్ద ముక్క, పచ్చిబఠాణీలు.

"కొత్తగా చేశాను, ఎలా ఉన్నాయో చెప్పండి" అంది కోడలు, పెనం వైపు తిరిగి.

"భలే ఉన్నాయి" అన్నాడు కొడుకు. అన్నాక తల్లి వైపు చూశాడు. "బావున్నాయా అమ్మా?"

ముక్కమ్మ నమిలింది. ఉప్పు ఉన్నట్టుంది, కారం ఉన్నట్టుంది. ఇంకేమీ లేదు. కూరని పారేయనందుకు కోడల్ని మెచ్చుకోవాలి. మెచ్చుకుంటే తన ముక్కు పోయిందని ఒప్పుకున్నట్టే.

"బావున్నాయిరా."

"ఇంకోటి వేయనా అత్తయ్యా?"

"వెయ్" అంది. కంచంలో పడిన దాన్ని వాసన చూడకుండానే నోట్లో పెట్టుకుంది.