తిరిగి రాగానే జవాబిస్తాను

"మీ పెద్దసారు మళ్ళీ ఏదో పని అంటగట్టాడు, చూసుకున్నావా?" అన్నాడు భర్త, ఫోను మీంచి తల ఎత్తకుండానే.

ఆమె ఆ ఉదయం ఇంకా ఫోను ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి డబ్బాలు సర్దుతోంది. మూత బిగిస్తున్న చెయ్యి ఆపి, "ఏం పనట?" అంది. తనకొచ్చిన మెయిల్లో ఏముందో ఎదుటి మనిషిని అడిగి తెలుసుకోవడం ఆమెకి అలవాటైపోయింది.

పెళ్ళైన కొత్తలో, "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేంటి?" అని గడ్డం పట్టుకుని మరీ పాస్‌వర్డ్ అడిగాడు. ముద్దుగానే అడిగాడు, ఆమె మురిసిపోయే ఇచ్చింది. "వాడు చూసిపెడితే నీకే కదా శ్రమ తగ్గేది" అన్నారు అత్తగారు. తగ్గిన శ్రమేమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు గానీ, చెల్లెలు రాసే ఉత్తరాలు మాత్రం పొట్టివైపోయాయి. చిన్ననాటి స్నేహితురాలు "అందరూ క్షేమమని తలుస్తాను" అని బంధువులకి రాసినట్టు రాసి, ఆ తర్వాత అదీ మానేసింది. ఎవరికేం రాయబోయినా మెడ వెనక ఒక ఊపిరి వెచ్చగా తగులుతున్నట్టుండేది. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. ఆయన పక్కగదిలో టీవీ చూస్తుంటాడు. అయినా ఆ ఊపిరి పోదు.

ఆమె విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెంటర్‌లో సహాయం కిటికీ దగ్గర పనిచేస్తుంది. విద్యార్థులు 'పాస్‌వర్డ్ అక్క' అంటారు. పొద్దున్నించీ సాయంత్రం దాకా అవే ప్రశ్నలు. హాస్టల్లో నెట్ ఎందుకు రావట్లేదక్కా, ప్రింట్ తీస్తే సగం పేజీయే వస్తోందేంటక్కా, చదువైపోయాక నా మెయిల్ ఎన్నాళ్ళుంచుతారక్కా. ఇలా పదేపదే అడిగే ప్రశ్నలన్నీ పోగుచేసి, జవాబులతో ఒక పేజీ తయారుచెయ్యమన్నది పెద్దసారు అంటగట్టిన కొత్త పని. రాయడం ఆమె వంతు, కింద పేరు ఆయనది. ఇందులో వింతేమీ లేదు.

"నా పాస్‌వర్డ్‌ను కుటుంబ సభ్యులకు ఇవ్వవచ్చా?" అని టైపు చేసి, కింద "ఇవ్వకూడదు. తల్లిదండ్రులకైనా, భార్యకైనా, భర్తకైనా సరే" అని రాసింది. రాసిన వేళ్ళకే సిగ్గేసింది.

తర్వాతి ప్రశ్న, "అకౌంటు గల వ్యక్తి మరణిస్తే?" అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఆ ప్రశ్న మొదట అడిగింది రసాయనశాస్త్రం మేడమ్. మందులకి జుట్టంతా రాలిపోయి, తలకి పలచటి గుడ్డ చుట్టుకుని, ఒకరోజు కిటికీ ముందు నిలబడ్డారు.

"నేను పోయాక ఇది ఎవరికిస్తారమ్మా?"

"అలా అనకండి మేడమ్."

"అనకపోతే పోకుండా ఉంటానా? చెప్పు."

"ఎవరికీ ఇవ్వం మేడమ్. పాఠాలు, పరిశోధన ఫైళ్ళు డిపార్ట్‌మెంట్‌కిచ్చేసి, మిగతాది మూసేస్తాం."

"మా ఆయన అడిగినా?"

"ఆయన అడిగినా."

మేడమ్ నవ్వారు. "అంత ఇల్లు కట్టుకున్నాం కదా, నేను లోపల గడియ పెట్టుకోగల తలుపు ఇదొక్కటేనన్నమాట" అన్నారు. ఉత్తరం రాసినవాళ్ళకి దానంతటదే వెళ్ళే జవాబొకటి ఎలా పెట్టుకోవాలో అడిగి, అక్కడే నిలబడి సొంతంగా టైపు చేసుకుని వెళ్ళారు.

కొన్నాళ్ళకే మేడమ్ పోయారు. డిపార్ట్‌మెంట్ వాళ్ళు తమకి కావలసినవి తీసుకున్నారు. ఇక మూసెయ్యడమే మిగిలింది. అది కిటికీ దగ్గర పనిచేసే తనే చెయ్యాలి. కానీ మీట నొక్కబోతే మనిషిని రెండోసారి సాగనంపుతున్నట్టనిపించి, రేపు రేపంటూ వాయిదా వేస్తూ వచ్చింది.

ఈ ప్రశ్నల పేజీ రాస్తున్న వారంలోనే తెరమీద ఎర్రటి గీత కనిపించింది. రసాయనశాస్త్రం మేడమ్ అకౌంటు, తప్పు పాస్‌వర్డ్, మళ్ళీ తప్పు. తాళం పడింది. మర్నాడు మధ్యాహ్నం కూడా అంతే. ఆ మర్నాడూ అంతే. తన గదిలోకి తను రాలేక ఎవరో బయట నిలబడి తలుపు కొడుతున్నట్టుంది. ఆమె ఏం తోచక ఆ అకౌంటుకి ఖాళీ మెయిలొకటి పంపింది. రెప్ప వేసేలోపు జవాబొచ్చింది.

"ప్రస్తుతం అందుబాటులో లేను. తిరిగి రాగానే జవాబిస్తాను."

అది యంత్రం పంపిందని ఆమెకి తెలియక కాదు. కానీ ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే నీళ్ళ చప్పుడులో ఆ మాటే వినిపించింది. అద్దం తుడుస్తుంటే తలకి గుడ్డ చుట్టుకున్న మనిషెవరో వెనకనించి దాటిపోయినట్టయింది. "ఏంటలా బెదురు గొడ్డులా చూస్తున్నావు?" అన్నాడు భర్త. నవ్వేసి, మళ్ళీ అద్దం తుడవసాగింది.

తలుపు కొడుతున్నదెవరో రెండు రోజుల్లో తెలిసిపోయింది. ఇస్త్రీ చొక్కా నలగని ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చాడు. మేడమ్ భర్త.

"మా పెళ్ళిరోజు పెట్టి చూశానమ్మా. అబ్బాయి పుట్టినరోజు పెట్టాను. చివరికి నా పేరు పెట్టాను. ఏదీ కాదంటోంది." ఆయన కిటికీ మీదికి వంగాడు. "నా పేరు కాకపోతే మరింకెవరి పేరు పెట్టుకుందంటావు?"

"అకౌంటు ఎవరికీ ఇవ్వకూడదండీ. మన్నించాలి."

"ఎవరికీ అంటే? నేను పరాయివాడినా? అది నా భార్య. ముప్ఫయ్యేళ్ళు నేను చూడని కాగితం ముక్క లేదు ఆ ఇంట్లో."

ఆ చివరిమాట దగ్గర ఆమె తల ఎత్తి చూసింది. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజమైన నీళ్ళే.

ఆయన నేరుగా పెద్దసారు గదికి వెళ్ళాడు. కాసేపటికి పిలుపొచ్చింది.

"పాపం, పెళ్ళాం పోయినవాడమ్మా. తెరిచిచ్చెయ్. మన సొమ్మేం పోయింది?"

"మీరు సంతకం పెట్టి రాసివ్వండి సార్, తెరుస్తాను."

"ఇంత చిన్నదానికి సంతకమెందుకు? నా నోటిమాట చాలదా?"

"ఆవిడకి నేనిచ్చిందీ నోటిమాటే సార్."

పెద్దసారు కళ్ళజోడు తీసి ఆమెని ఎగాదిగా చూశాడు. సంతకం పెట్టలేదు. "సరే, రేపు చూద్దాం, వెళ్ళు" అన్నాడు.

రేపటి దాకా ఆగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. కుర్చీలో కూర్చుని మేడమ్ అకౌంటు తీసింది. లోపల ఏముందో చూడలేదు. మూసెయ్యమంటావా అని యంత్రం అడిగింది. నిజంగానేనా అని మళ్ళీ అడిగింది. "వెళ్ళిరండి మేడమ్" అని గొణిగి, నొక్కేసింది. తర్వాత ఇంకో ఖాళీ మెయిల్ పంపి చూస్తే, అలాంటి అకౌంటు లేదని తిరిగొచ్చింది. ఆ పెద్దాయన మంచివాడే అయితే? ఒక్క పలకరింపు కోసమే వెతుక్కుంటున్నాడేమో? ఆ అనుమానం తర్వాత కూడా ఆమెని చాలాకాలం పీడించింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విడుస్తుంటేనే భర్త హుషారుగా ఎదురొచ్చాడు.

"మీ పెద్దసారు మెమో పంపాడు. దుఃఖంలో ఉన్న మనిషితో పొగరుగా మాట్లాడావట కదా! ఏం కంగారుపడకు. నేనే క్షమాపణ రాసి పంపించేశాను, నీ పేరు మీద. గొడవ వదిలిపోయింది."

ఆమె ఫోను తీసి చదివింది. "నా ప్రవర్తనకు మనస్ఫూర్తిగా చింతిస్తున్నాను. ఇకపై పెద్దల మాట జవదాటను." కింద తన పేరు. మంచి భాష. ఎక్కడా ఒక్క తప్పు లేదు. పోయినావిడ పేరుతో వెళ్ళిన జవాబు కనీసం ఆవిడ చేత్తో రాసుకున్నది. బతికుండి, డబ్బాలు సర్ది, బస్సెక్కి వెళ్ళొచ్చిన తన పేరుతో మాట్లాడుతున్నదెవరు? ఎన్నాళ్ళనించి మాట్లాడుతున్నారు? చెల్లెలికీ, స్నేహితురాలికీ ఇంకేం జవాబులు వెళ్ళాయో! ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తన చుట్టూ ఏదో తిరుగుతోందనుకుంది. దయ్యంలా తిరుగుతున్నది తనే.

గుమ్మంలోనే నిలబడి పాస్‌వర్డ్ మార్చింది. పెద్దసారుకి రెండు ముక్కలు రాసింది, ఇందాకటి క్షమాపణ తను రాసింది కాదని, చేసిన పనికి చింతించడం లేదని.

భోజనాల దగ్గర భర్త ఫోను మీద వేలితో టకటకా కొట్టాడు. "నీ మెయిల్ తెరుచుకోవట్లేదేంటి? పాడైందా?"

"పాడవలేదు. మార్చాను."

"ఓహో. కొత్తదేంటి మరి?"

"చెప్పనండి."

ఆయన నవ్వబోయి ఆగాడు. "నా దగ్గరా?"

"మీ దగ్గరే."

కంచం ముందునించి లేచి, గది తలుపు విసురుగా వేసుకున్నాడు. అత్తగారు ఆ తలుపు వైపు చూసి, కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. ఇప్పుడు ఈవిడ సాధింపు మొదలవుతుంది, అనుకుంటూ ఆమె కంచాలు ఎత్తి వంటింట్లోకి వెళ్ళింది.

వెనకే అడుగుల చప్పుడు. అత్తగారు గుమ్మం వైపు ఒకసారి చూసి, దగ్గరగా వచ్చారు. కొడుకు కొనిచ్చిన ఫోను కొంగు చాటునుంచి తీసి, కోడలి తడి చేతుల ముందు పెట్టారు.

"దీనికి కూడా పెట్టవే ఒకటి" అన్నారు గుసగుసగా. "వాడికి తెలియంది."